వారాంతం ఇంట్లోనే: కునుకు, టీ, ఊయల, ఎండలో ఆరిన దుప్పటి (కొలతలతో చెప్పండి)

కిటికీపక్క
శని, ఆదివారాలు ఎక్కడికీ కదలకుండా ఇంట్లోనే గడపాలనుకునేవాళ్ల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నా. హాయిగా పడుకోండి, వేడిగా టీ తాగండి, పుస్తకం పట్టుకోండి అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎంతసేపు పడుకోవాలి, నీళ్లు ఎంత కాగాలి, దీపం ఏ పక్కన ఉండాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. సుఖం చెడేది అక్కడే. కాబట్టి సొంత కథలు పక్కన పెట్టి, కొలతలు, కారణాలు రాయండి.

మొదటి ప్రశ్న నాదే. పగటి నిద్ర ఒక్కోసారి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, ఒక్కోసారి ఒంట్లో సీసం పోసినట్టు ఉంటుంది. తేడా ఎక్కడ?

పగటికునుకు
తేడా లేచే సమయంలో ఉంది. కన్ను మూతపడ్డాక మొదట తేలిక నిద్ర, సుమారు అరగంట దాటేసరికి గాఢ నిద్ర. గాఢ నిద్రలోంచి లేస్తే మెదడు పూర్తిగా తేరుకోదు. ఆ మత్తు అరగంట దాకా ఉంటుంది, కొందరికి గంట పడుతుంది. 45 నుంచి 60 నిమిషాలు పడుకుని లేచేవాళ్లు సరిగ్గా ఈ గోతిలోనే పడతారు.

దారులు రెండు. ఒకటి, 20 నిమిషాల కునుకు. నిద్రలోకి జారడానికి పట్టే ఐదారు నిమిషాలు కలుపుకుని అలారం 25కి పెట్టుకోండి. రెండోది, ఒక పూర్తి చుట్టు, అంటే దాదాపు 90 నిమిషాలు. ఇది రాత్రి నిద్ర చాలనివాళ్లకే. మధ్యలో ఎక్కడా ఆగకండి.

వేళ ఒంటిగంట నుంచి మూడు లోపు. ఆ సమయంలో వచ్చే మగతకు భోజనం ఒక్కటే కారణం కాదు, తినకపోయినా శరీర గడియారం అప్పుడు కాస్త కుంగుతుంది. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. రాత్రి నిద్రను లాక్కొచ్చేది అదే. సాయంత్రం నాలుగు దాటాక పడుకుంటే దాన్ని ముందే ఖర్చుపెట్టేసినట్టు. ఇక రాత్రి పదకొండింటికి పైకప్పు లెక్కపెట్టుకోవాల్సిందే.

ఇంకో తప్పు సోఫా చేతి మీద తల పెట్టడం. అది మెత్తగా కనిపిస్తుంది గానీ ఎత్తు ఎక్కువ, ఇరవై నిమిషాల్లోనే మెడ పట్టేస్తుంది. పల్చటి దిండు చాలు. కర్టెన్ సగం వేయండి, పూర్తిగా చీకటి చేయొద్దు. లేచేటప్పుడు వెలుగు కావాలి.

మూడోకప్పు
దీనికి ఒక తోక. పడుకునే ముందు ఒక చిన్న కప్పు కాఫీ గబగబా తాగి పడుకోండి. కెఫీన్ పని మొదలుపెట్టడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అలారం మోగే వేళకు అదీ వచ్చి చేరుతుంది. చల్లార్చుకుంటూ, ఫోన్ చూసుకుంటూ పావుగంట తాగితే మాత్రం లెక్క తప్పుతుంది.

పగటికునుకు
మూడోకప్పు గారూ, ఒప్పుకుంటాను గానీ రెండింటి తర్వాత అయితే వద్దు. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి తాగినదాంట్లో సగం రాత్రి ఎనిమిదికి కూడా ఒంట్లోనే ఉంటుంది. మనిషిని బట్టి ఇది చాలా మారుతుంది కూడా.

పొద్దెక్కాక
మధ్యాహ్నం గొడవ ఎందుకండీ, ఉదయం పదకొండు దాకా పడుకుంటే సరిపోతుంది కదా! వారమంతా పోగైన నిద్ర బాకీ తీరిపోతుంది.

నెమ్మది
బాకీ కొంత తీరుతుంది, కాదనను. కానీ వడ్డీ ఆదివారం రాత్రి కట్టాలి. వారమంతా ఆరున్నరకు లేచి, రెండు రోజులు పదకొండుకు లేస్తే నాలుగున్నర గంటలు తూర్పుపడమరలుగా ప్రయాణం చేసి వచ్చినట్టే లెక్క. దీనికి సోషల్ జెట్‌లాగ్ అని 2006లో జర్మనీ శాస్త్రవేత్త టిల్ రోన్నెబర్గ్ బృందం పేరు పెట్టింది. పొద్దుటి వెలుగు కంటిలో పడకపోతే శరీర గడియారం వెనక్కి జరుగుతుంది, ఆదివారం రాత్రి నిద్ర రాదు, సోమవారం మొహం వేలాడుతుంది.

ఎక్కువలో ఎక్కువ ఒక గంట ఆలస్యంగా లేవండి. లేచిన వెంటనే కిటికీ దగ్గరికో డాబా మీదికో వెళ్లండి. బాకీ తీర్చాలంటే రాత్రి గంట ముందు పడుకోండి, మధ్యాహ్నం 20 నిమిషాలు కునుకు తీయండి. పొద్దెక్కాక గారికి కోపం రాకూడదు.

పొద్దెక్కాక
కోపం లేదు గానీ దుప్పటి వదలబుద్ధి కావట్లేదు. లేవకుండానే కర్టెన్ తీస్తే?

నెమ్మది
అదీ నయమే. అయితే కిటికీ అద్దం వెనక, గది లోపలికి వచ్చేసరికి బయటి వెలుగులో చాలా కొద్ది భాగమే మిగులుతుంది. మంచం కిటికీకి ఆనుకుని ఉంటే సరే, గది అవతలి మూల ఉంటే ఫలితం తక్కువ.

కిటికీపక్క
సరే, లేచాం. ఇప్పుడు టీ సంగతి. పాలు లేకుండా తాగే టీ ఎందుకు చేదెక్కుతుంది?

మూడోకప్పు
ఆకు తప్పు తక్కువ, నీళ్ల తప్పు ఎక్కువ. గ్రీన్ టీని మరిగే నీళ్లలో వేస్తే ఆకులోని కాటెకిన్లు అనే వగరు పదార్థాలు ఒక్కసారిగా దిగిపోతాయి, నాలుక మొద్దుబారేంత వగరు. దానికి 70–80 డిగ్రీలు, రెండు నిమిషాలు చాలు. థర్మామీటర్ అక్కర్లేదు. మరిగిన నీళ్లను ఒక చల్లటి పాత్రలోకి, అందులోంచి కప్పులోకి పోయండి. పాత్ర మార్చిన ప్రతిసారీ సుమారు పది డిగ్రీలు పడిపోతుంది.

బ్లాక్ టీ అలా కాదు. దానికి 95 పైనే ఉండాలి, మూడు నుంచి ఐదు నిమిషాలు. గోరువెచ్చటి నీళ్లలో వేసి పది నిమిషాలు ఉంచినా రుచి రాదు, రంగే వస్తుంది. 200 మిల్లీలీటర్లకు రెండు నుంచి రెండున్నర గ్రాముల ఆకు. గట్టిగా కావాలంటే ఆకు పెంచండి, సమయం పెంచకండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: సమయం పెంచితే వగరు పెరుగుతుంది, ఆకు పెంచితే రుచి పెరుగుతుంది.

కప్పును ముందు వేడి నీళ్లతో ఒకసారి తొలవండి. మందపాటి పింగాణీ కప్పు చల్లగా ఉంటే పోసిన వెంటనే చాలా వేడిని తాగేస్తుంది. ఆకు నానుతున్నప్పుడు మూత పెట్టండి. సమయం కాగానే ఆకు తీసేయండి, కప్పులోనే వదిలి తాగితే చివరి గుక్క కషాయమే.

టీ కాయడానికి ఒక అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ఓ 3103, 1980లో వచ్చింది. వంద మిల్లీలీటర్లకు రెండు గ్రాములు, ఆరు నిమిషాలు. దాన్ని చూసి ఎవరూ ఇంట్లో అలా కాయకండి. అది రకాలను పక్కపక్కన పెట్టి పోల్చే టేస్టర్ల కోసం, లోపాలు బయటపడాలనే అంత గట్టిగా కాస్తారు.

చిన్నదీపం
కాఫీ ప్రెస్ (పొడిని జల్లెడతో కిందికి దించే పాత్ర) వాడేవాళ్లకు కూడా ఒక ముక్క చెప్పండి. అడుగున మడ్డి వస్తోందని చాలామంది దాన్ని మూలన పడేస్తారు.

మూడోకప్పు
పొడి సన్నగా ఉంటే మడ్డి వస్తుంది, అదే ముఖ్య కారణం. బరక పంచదార రవ్వంత ముతకగా ఆడించాలి. లీటరుకు 60 గ్రాములు, నాలుగు నిమిషాలు. తర్వాత పైన తేలిన నురుగును చెంచాతో తీసేసి, మరో రెండు మూడు నిమిషాలు ఆగండి, పొడి తనంతట తానే అడుగుకు దిగుతుంది. అప్పుడు జల్లెడను నెమ్మదిగా దించండి. బలంగా నొక్కాల్సి వస్తోందంటే పొడి సన్నగా ఉన్నట్టే. అడుగున చివరి రెండు చెంచాలు వదిలేయండి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

కిటికీపక్క
కప్పు చేతికొచ్చింది. కూర్చోవడానికి కుర్చీ సరిపోదా, ఊయల కట్టుకోవాలా? గుడ్డ ఊయల గురించి తెలిసినవాళ్లు చెప్పండి. చాలామంది బిగించి కట్టి, నడుం నొప్పి అంటారు.

కొక్కెం
ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నా.

ఊయలను బిగించి కట్టడం రెండు విధాలా తప్పు. మొదటిది నడుముకు: బిగువుగా ఉంటే గుడ్డ అంచులు రెండు పక్కలా లేచి భుజాలను నొక్కుతాయి, మనిషి అరటిపండులా వంగుతాడు. రెండోది గోడకు. తాడు నేలకు సమాంతరంగా ఉన్న గీత నుంచి 30 డిగ్రీలు పైకి ఉంటే ఒక్కో తాడు మీద పడే లాగుడు సరిగ్గా మనిషి బరువంత. 70 కిలోల మనిషికి ఒక్కో కొక్కెం మీద 70 కిలోలు. అదే 15 డిగ్రీలకు తగ్గితే 135. 10 డిగ్రీలకు బిగిస్తే 200 కిలోలు దాటుతుంది. అదే మనిషి, అదే ఊయల! కొక్కేలు ఊడిపోవడానికి సగం కారణం ఈ బిగువే. ఇది కదలకుండా పడుకున్నప్పటి లెక్క. ధబీమని కూర్చుంటే ఇంకా ఎక్కువ.

30 డిగ్రీలు చూడటానికి కొలబద్ద వద్దు. చూపుడు వేలు అడ్డంగా, బొటనవేలు నిట్టనిలువుగా చాపండి. బొటనవేలి కొస నుంచి చూపుడు వేలి కొసకు గీసిన ఊహా గీత వాలు దాదాపు అంతే. తాడు ఆ వాలులో ఉంటే చాలు.

ఎత్తు: మనిషి కూర్చున్నాక అట్టడుగు భాగం నేల నుంచి 45 సెంటీమీటర్లు, కుర్చీ ఎత్తు. కొత్త గుడ్డ, కొత్త తాడు సాగుతాయి కాబట్టి మొదటి వారం కాస్త ఎత్తుగా కట్టండి.

పడుకునే తీరు: నిలువుగా కాదు, ఏటవాలుగా. తల ఒక పక్కకు, కాళ్లు ఇంకో పక్కకు, మధ్య గీతకు 15–20 డిగ్రీలు అడ్డంగా. అప్పుడు గుడ్డ కింద దాదాపు చదునుగా పరుచుకుంటుంది, నడుం వంగదు. దీనికి ఊయల పొడవు మూడు మీటర్లు పైన ఉండాలి. రెండున్నర మీటర్ల ఊయల కొనుక్కుని నడుం నొప్పి అంటే ఊయల ఏం చేస్తుంది.

కొక్కెం: కాంక్రీట్ స్తంభంలోకో దూలంలోకో వేయండి. 10 లేదా 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్ట్. గోడ ప్లాస్టరింగ్‌లో గానీ రెండు ఇటుకల మధ్య సిమెంట్ సందులో గానీ వేస్తే లాగుడుకు ఊడి వస్తుంది. తలుపు చట్రానికి, కిటికీ ఊచలకు, బాల్కనీ పిట్టగోడకు కట్టొద్దు. పిట్టగోడ పక్కకు లాగే బరువు కోసం కట్టింది కాదు. రంధ్రం వేశాక లోపలి దుమ్ము ఊది తీసేయాలి, దుమ్ము ఉంటే బోల్ట్ పట్టు తగ్గుతుంది.

పొద్దెక్కాక
గోడకు రంధ్రం వేయనివ్వని అద్దె ఇళ్ల మాటేమిటి?

కొక్కెం
ఇనుప స్టాండ్ కొనుక్కోవాలి. రెండు అలమారాలకో మంచం కోళ్లకో కట్టే ఆలోచన మాత్రం వద్దు. స్టాండ్‌కు చోటు లేకపోతే వెనక్కి వాలే కుర్చీ, కాళ్ల కింద పీట. పీట కుర్చీ ఎత్తుకు రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉంటే మోకాలి వెనక ఒత్తిడి ఉండదు. అది కూడా తక్కువ సుఖం కాదు.

చిన్నదీపం
కుర్చీలో చదువుకునేవాళ్లకు దీపం గురించి. బల్బు కంటికి కనబడకూడదు, వెలుగు పేజీ మీద పడాలి. భుజం వెనక నుంచి, కాస్త పైనుంచి రావాలి. పక్కన రాసుకునేవాళ్లయితే రాసే చేతికి అవతలి వైపు పెట్టండి, లేకపోతే చేతి నీడ అక్షరాల మీదే పడుతుంది. సాయంత్రం వేళకు 2700 కెల్విన్ పసుపు వెలుగు బల్బు తీసుకోండి, 6500 తెల్ల బల్బు నిద్ర వేళను వెనక్కి నెడుతుంది. గదంతా చీకటి చేసి ఒక్క పేజీ మీదే దీపం వేస్తే కన్ను తిప్పిన ప్రతిసారీ సర్దుకోవాల్సి వచ్చి అలిసిపోతుంది. కాబట్టి గదిలో ఇంకో చిన్న దీపం కూడా వెలగనివ్వండి.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని తల వంచకండి. ఒళ్లో ఒక దిండు, దాని మీద పుస్తకం. మెడ నొప్పికి ఇంతకంటే చవక మందు లేదు.

సువాసన కొవ్వొత్తుల సంగతి కూడా చెప్పేస్తా. మొదటిసారి వెలిగించినప్పుడు పై మైనం అంచుల దాకా కరిగేవరకు ఆర్పొద్దు. గాజు పాత్ర వ్యాసం ప్రతి రెండున్నర సెంటీమీటర్లకు సుమారు ఒక గంట, అలా అని ఎప్పుడూ నాలుగు గంటలు దాటించొద్దు. పది నిమిషాల్లో ఆర్పేస్తే వత్తి చుట్టూ గొయ్యి పడుతుంది, తర్వాత ఎన్నిసార్లు వెలిగించినా ఆ గొయ్యిలోనే కరుగుతుంది, పక్కన మైనం అలాగే మిగిలిపోతుంది. ఇప్పటికే గొయ్యి పడి ఉంటే పైన అల్యూమినియం రేకు గొడుగులా చుట్టి, నడుమ చిన్న రంధ్రం వదిలి వెలిగించండి. వేడి అంచులకు మళ్లి మైనం సమానమవుతుంది. దగ్గరే ఉండాలి, రేకు బాగా వేడెక్కుతుంది.

వెలిగించే ప్రతిసారీ వత్తి ఐదారు మిల్లీమీటర్లకు కత్తిరించండి. నల్లటి పొగ, గాజుకు మసి పడుతున్నాయంటే వత్తి పొడవైంది, లేదా ఫ్యాన్ గాలి తగులుతోంది. కునుకు తీసే ముందు మాత్రం ఆర్పేయాలి, ఇందులో మినహాయింపు లేదు.

ఎండమడత
ఎవరూ దుప్పటి మాట ఎత్తలేదే! ఎండలో ఆరిన దుప్పటి వాసన ఊరికే అనిపించేది కాదు. ఎండలో ఆరేసిన తువ్వాళ్లను పరీక్షిస్తే వాటిలో ఆల్డిహైడ్లు, కీటోన్లు తయారైనట్టు 2020లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. సెంట్లలో వాడే జాతి పదార్థాలే ఇవి. తడి బట్ట మీద ఎండ పడితేనే ఇది జరుగుతుంది. నీడలో ఆరేసి చివర్లో పది నిమిషాలు ఎండలో పెడితే ఆ వాసన రాదు.

తీగ మీద వేసే ముందు రెండు మూలలు పట్టుకుని ఐదారు సార్లు గట్టిగా విదిలించండి. విదిలించకపోతే నూలు పోగులు ఒకదానికొకటి అంటుకుని ఆరతాయి, తువ్వాలు రొట్టెలా బిగుసుకుపోతుంది. మెత్తదనం కోసం సాఫ్ట్‌నర్ వేస్తే పోగుల మీద జిడ్డు పొర పడుతుంది, తువ్వాలు నీళ్లు పీల్చడం తగ్గుతుంది. రంగు దుప్పట్లు తిరగేసి వేయండి. పూర్తిగా ఆరాక గంటలు గంటలు ఎండలో వదిలేస్తే నూలు పెళుసుబారుతుంది.

దిండ్లు: దూది, పాలిస్టర్ దిండ్లను ఒక్కో పక్క రెండు గంటలు ఎండకు పెట్టి, మధ్యలో తట్టండి. లేటెక్స్, మెమరీ ఫోమ్ దిండ్లను మాత్రం ఎండకు పెట్టొద్దు, పసుపెక్కి పొడిపొడిగా రాలిపోతాయి. వాటికి గాలాడే నీడ చాలు. లేచిన వెంటనే మంచం సర్దేయకండి, దుప్పటి వెనక్కి మడిచి గంటసేపు గాలి ఆడనివ్వండి. రాత్రి చెమట తడి పోతుంది, ధూళి పురుగులకు ఆ తడే కావాలి. దుప్పట్లు 60 డిగ్రీల నీళ్లలో ఉతికితే అవి చస్తాయి, ముందు బట్ట మీద లేబుల్ ఆ వేడిని ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి.

పొద్దెక్కాక
మంచం సర్దకపోవడానికి శాస్త్రీయ కారణం దొరికింది. ఈ ఒక్క మాటతో చర్చ సార్థకం.

తడిమట్టి
వాసనల మాట వచ్చింది కాబట్టి ఇది. తొలకరి మట్టి వాసనకు పెట్రికోర్ అని 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. ఆ మట్టి వాసనలో ముఖ్యమైనది జియోస్మిన్ అనే పదార్థం, దాన్ని నేలలోని బాక్టీరియా తయారుచేస్తుంది. మన ముక్కు దాన్ని నమ్మలేనంత కొద్ది మోతాదులో కూడా పట్టేస్తుంది.

వాన కోసం కాచుక్కూర్చోనక్కర్లేదు. పైమట్టి రెండు సెంటీమీటర్లు పొడిగా ఉన్న కుండీల మీద సన్న చిల్లుల క్యాన్‌తో, ఒక అడుగు ఎత్తు నుంచి, నెమ్మదిగా చల్లండి. 2015లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో అతివేగ కెమెరాతో తీసిన చిత్రాల్లో కనిపించింది ఇదే: చినుకు రంధ్రాలున్న నేల మీద పడ్డప్పుడు కింద గాలి బుడగలు చిక్కుకుని, పైకి వచ్చి పగిలి, వాసనను సన్న తుంపరగా గాలిలోకి చిమ్ముతాయి. జడివాన కంటే తేలికపాటి చినుకుకే ఇది బాగా జరుగుతుంది. మగ్గుతో ధారగా పోస్తే మట్టి కొట్టుకుపోతుంది, వాసన రాదు. నీళ్లు అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచినవి అరగంటలో పారబోయండి. వేళ్లు కుళ్లేది ఆ నిలవ నీళ్లకే.

కిటికీపక్క
ఫోన్ గురించి ఎవరైనా? పూర్తిగా ఆపేస్తే అత్యవసరమైన కాల్ పోతుందనే భయం, ఆపకపోతే కునుకు మధ్యలో మోగుతుంది.

నెమ్మది
ఆపనక్కర్లేదు. డు నాట్ డిస్టర్బ్ పెట్టి రెండు మినహాయింపులు ఇవ్వండి. ఒకటి, ఇష్టమైనవాళ్ల జాబితాలో ఉన్న నలుగురైదుగురి కాల్స్. రెండు, వెంటవెంటనే రెండోసారి చేసేవాళ్ల కాల్స్: ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు అదే నంబరు నుంచి మళ్లీ వస్తే మోగుతుంది. నిజంగా అవసరమున్నవాళ్లు రెండోసారి చేస్తారు. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే ప్రయోజనం లేదు. కునుకు అలారానికి ఫోన్ వాడకుండా ఒక చిన్న గడియారం పెట్టుకుంటే ఇంకా మంచిది. అలారం ఆపడానికి ఫోన్ తీసినవాడు దాన్ని మళ్లీ కింద పెట్టడు.

పగటికునుకు
ఆదివారం రాత్రికి ఒక్కటి చేరుస్తాను. పడుకోవడానికి గంటన్నర ముందు పది నిమిషాలు 40 నుంచి 42 డిగ్రీల వేడినీళ్ల స్నానం. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు పాత అధ్యయనాలను కలిపి చూసి 2019లో చెప్పిన సంగతి ఇది: సగటున పది నిమిషాలు త్వరగా నిద్ర పడుతుంది. వేడి నీళ్లకు చేతులు, కాళ్లలోని రక్తనాళాలు వెడల్పై ఒంటి లోపలి వేడి బయటికి పోతుంది, లోపలి వేడి దిగితే నిద్ర వస్తుంది. పడుకునే నిమిషం ముందు చేస్తే ఒళ్లు ఇంకా వేడిగానే ఉండి పని ఎదురు తిరుగుతుంది. స్నానం కుదరకపోతే చీలమండల పైదాకా కాళ్లు నీళ్లలో పెట్టండి, 40 డిగ్రీలు, పదిహేను నిమిషాలు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం కాళ్లు వేడి నీళ్లలో నానబెట్టుకోకూడదు, కాలినా తెలియదు.

తడిమట్టి
కొక్కెం గారూ, చిన్న సందేహం. ఊయల ఊగినప్పుడల్లా కొక్కెం దగ్గర కిర్రు కిర్రుమంటే ఏం చేయాలి? నూనె వేయొచ్చా?

కొక్కెం
నూనె వద్దు, తాడుకు పట్టి దుమ్ము అంటుకుంటుంది, గుడ్డ మీద మరకలు పడతాయి. ముందు దిగి, తాడు కొక్కేనికి తగిలే చోట పోగులు తెగాయేమో, కొక్కెం లోపలి అంచు అరిగి గాడి పడిందేమో చూడండి. పడితే రెండూ మార్చాలి. ఏమీ లేకపోతే చిన్నదీపం గారి దగ్గర అరిగిపోయిన కొవ్వొత్తి ముక్క అడిగి తీసుకుని, ఆ చోట గట్టిగా రుద్దండి.

చిన్నదీపం
గొయ్యి పడినవి చాలా ఉన్నాయి, ఎన్ని కావాలి?